చెంగమ్మ కట్టిన జాలీ కంచె

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, సెలయేటికి కాస్త ఎగువన, ఒక పచ్చిక ఉండేది. పెద్దదేం కాదు పిల్లలూ. ఈ చివర నుంచి ఆ చివరకి కుందేలు ఇరవై గెంతులు గెంతితే అయిపోతుంది. కానీ అంతా లేత గరిక. పొద్దున్నే మంచు పడితే తళతళా మెరిసేది.

ఆ పచ్చికను పెంచింది చెంగమ్మ అనే కుందేలు. ముళ్ళన్నీ ఏరేసింది. రాళ్ళు దొర్లించేసింది. గరిక కణుపులు తెచ్చి ఒక్కొక్కటే నాటింది. మరి నీళ్ళు ఎలా పెట్టిందంటారా? సెలయేట్లో మునిగి వచ్చి, పచ్చిక మధ్యలో నిలబడి ఒళ్ళు దులుపుకొనేది. రోజుకి ముప్పై సార్లు. అందుకే చెంగమ్మకి ఎప్పుడూ జలుబు.

ఇప్పుడు చెంగమ్మ కడుపుతో ఉంది. ఎండలు ముదురుతున్నాయి. పిల్లలు పుట్టే వేళకి అడవిలో గడ్డంతా ఎండిపోతుంది. ఈ పచ్చిక ఒక్కటే పచ్చగా ఉంటుంది. అందుకని చెంగమ్మ తను కూడా కడుపు నిండా తినకుండా గడ్డిని దాస్తోంది.

ఆ పచ్చిక మీదుగా ఇరుగుపొరుగు నడిచేవాళ్ళు. తాబేలు డిప్పయ్య సెలయేటికి పోయే దారి అదే. ముళ్ళపంది సూదమ్మ దుంపలు వెతుక్కుంటూ అటుగా వచ్చేది. కౌజు పిట్ట చుక్కమ్మ తన ఆరుగురు పిల్లల్ని వెంటేసుకొచ్చి చీమల్ని ఏరించేది. చెంగమ్మ ఎవర్నీ ఏమీ అనేది కాదు.

ఈమధ్యే ఇంకొకడు వచ్చి చేరాడు. వాడు పందికొక్కు. పేరు బొర్రయ్య. "అక్కా, పచ్చిక పక్కన ఆ బండ కింద ఒక చిన్న బొరియ చేసుకుంటాను. నేను ఉన్నానని కూడా నీకు తెలీదు" అని బతిమాలాడు. చెంగమ్మ జాలిపడి సరేనంది.

ఒకరోజు పొద్దున చెంగమ్మ లేచి చూసేసరికి పచ్చికలో ఒకచోట తామరాకంత మేర గడ్డి పసుపు రంగుకి తిరిగింది. పట్టుకుని లాగితే చేతికి ఊడి వచ్చింది.

బొర్రయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"అయ్యో అక్కా, ఎంత పని జరిగింది. నేను చెప్పానని అనకు గానీ, ఆ డిప్పయ్య రోజూ ఇక్కడే నడుస్తాడు. అంత బరువు మీద పడితే గడ్డి బతుకుతుందా?" అన్నాడు.

రెండో రోజు ఇంకోచోట పసుపు మచ్చ కనిపించింది.

"నేను చెప్పానని అనకు గానీ, సూదమ్మ దుంపల కోసం తవ్వుతుంది కదా. వేళ్ళకీ దుంపలకీ తేడా ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాడు బొర్రయ్య.

మూడో రోజు మూడో మచ్చ.

"నేను చెప్పానని అనకు గానీ, చుక్కమ్మకి ఆరుగురు పిల్లలు. ఆరు రెళ్ళు పన్నెండు కాళ్ళు. పన్నెండు కాళ్ళూ గీకితే ఇంకేం మిగులుతుంది?" అన్నాడు.

చెంగమ్మ ముగ్గుర్నీ తలుచుకుంది. ఒక్కసారి వాళ్ళనే అడిగి చూద్దామా అనుకుంది. కానీ అడిగితే కాదంటారు కదా అని మళ్ళీ తనే అనుకుంది. బొర్రయ్య అది కనిపెట్టాడు.

"అడగడమెందుకు అక్కా, గొడవలెందుకు? కంచె కట్టేయ్. మాట్లాడాల్సిన పనే ఉండదు" అన్నాడు.

అడవిలో మొక్కల చుట్టూ కట్టడానికి మనుషులు ఎప్పుడో ఇనుప జాలీ తెచ్చారు. కట్టగా మిగిలిన చుట్టను పొదల్లో వదిలేసి పోయారు. చెంగమ్మ దాన్ని దొర్లించుకుంటూ తెచ్చింది. పచ్చిక అంచు వెంట గెంతుకొక వెదురు ముక్క పాతింది. రాయి తీసుకుని ఒక్కొక్కదాన్నీ దిగ్గొట్టింది. వాటికి జాలీని ఆనించి దూసరి తీగతో ముడులు వేసింది. ఎత్తు తన రొమ్ము దాకా వచ్చేలా చూసుకుంది. తను గెంతి దాటగలదు, మిగతావాళ్ళు దాటలేరు.

బొర్రయ్య కూడా బాగా కష్టపడ్డాడు. ఎలాగంటారా? నీడలో వెల్లకిలా పడుకుని, "అక్కా, ఆ మూడో కర్ర కాస్త ఇటు వంగింది" అని చెప్పడంలో.

అంతా అయ్యాక చెంగమ్మ కాస్త ఆలోచించింది.

"తమ్ముడూ, జాలీ అడుగు జానెడు మేర మట్టిలో పాతేస్తే మంచిది కదా? కింద నుంచి కూడా ఎవరూ దూరరు."

బొర్రయ్య చటుక్కున లేచి కూర్చున్నాడు.

"వద్దక్కా. నేల రాయిలా ఉంది. పైగా కడుపుతో ఉన్నదానివి. ఇంత మంచి అక్క నడుం విరగ్గొట్టుకుంటుంటే నేను చూడలేను" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. చెంగమ్మ కరిగిపోయి, జాలీని నేలకి ఆనించి ఊరుకుంది.

సాయంత్రం డిప్పయ్య వచ్చాడు. తల వంచుకుని నడిచే అలవాటు. ముక్కు వెళ్ళి జాలీకి తగిలింది.

"ఇదేమిటమ్మాయ్?"

"కంచె మామా."

"ఎవరి కోసం?"

"గడ్డి తొక్కేవాళ్ళ కోసం" అంది చెంగమ్మ, అటు తిరిగి.

డిప్పయ్య తన పాదాలకేసి చూసుకున్నాడు. నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి చూసుకున్నాడు. "సరేలే. బండల మీదుగా చుట్టూ తిరిగి పోతాను" అన్నాడు. ఆ చుట్టుదారి ఆయనకి ఒక పగలంతా పడుతుంది.

సూదమ్మ వచ్చి కంచెను చూసి నవ్వింది. జాలీకి వీపు ఆనించి బరబరా రుద్దుకుంది. "నా దురదకి మందు కట్టించావు చెల్లీ. చల్లగా ఉండు" అని వెళ్ళిపోయింది. చెంగమ్మకి ఒళ్ళు మండింది.

చుక్కమ్మ ఎగిరి దాటగలదు గానీ పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. ఆరుగురూ జాలీ కన్నాల్లో తలలు దూర్చారు. తలలు దూరాయి, పొట్టలు దూరలేదు. చుక్కమ్మ ఒక్కొక్కర్నీ తోక పట్టుకుని వెనక్కి లాగింది. "వదినా, మేమేం తప్పు చేశాం?" అని అడిగింది. చెంగమ్మ వినపడనట్టు చెవులు వాల్చుకుంది. అంత పెద్ద చెవులున్నవాళ్ళు వినపడలేదంటే ఎవరు నమ్ముతారు?

ఇక పచ్చికలోకి ఎవరూ రాలేదు. మరి మచ్చలు తగ్గాలి కదా? తగ్గలేదు. మూడు కాస్తా అయిదయ్యాయి. అయిదు కాస్తా తొమ్మిదయ్యాయి. చెంగమ్మ చిక్కిపోతోంది. బొర్రయ్య మాత్రం గుండ్రంగా తయారవుతున్నాడు.

"బాగా ఒళ్ళు చేశావే తమ్ముడూ?"

"అంతా ఇక్కడి గాలి మహిమ అక్కా."

"కంచె కట్టినా గడ్డి ఎలా పోతోంది?"

"గెంతి వస్తున్నారు."

"డిప్పయ్య మామ గెంతుతాడా?"

"నువ్వు చూడనప్పుడు గెంతుతాడు" అన్నాడు బొర్రయ్య, రెప్ప కూడా కొట్టకుండా.

చెంగమ్మ మర్నాడంతా పొద చాటున కూర్చుని డిప్పయ్యను కాపు కాసింది. డిప్పయ్య బండ ఎక్కాడు, జారాడు, మళ్ళీ ఎక్కాడు. మధ్యాహ్నానికి సగం దూరం వెళ్ళాడు. గెంతడం మాట అటుంచి, ఆయన ఆవులించడానికే బోలెడు సేపు పట్టింది. చూస్తూ చూస్తూ చెంగమ్మకి ఏదోలా అయింది. ఈయనా నా గడ్డి దొంగ? అనుకుంది.

అయినా ఎవరో ఒకరు వస్తున్నారు కదా. పై నుంచి కాకపోతే కింద నుంచి రావాలి. మర్నాడు పొద్దున్నే చెంగమ్మ జాలీ అడుగు పాతడానికి కంచె వెంట తవ్వడం మొదలుపెట్టింది.

బొర్రయ్య పరుగున వచ్చాడు. "నేల గట్టిది అక్కా" అన్నాడు. "చిన్నగా తవ్వుతాలే" అంది. "నడుం నొప్పి పుడుతుంది" అన్నాడు. "పుట్టనీ" అంది. "వానపాములు ఏడుస్తాయి" అన్నాడు. చెంగమ్మ తవ్వడం ఆపి వాడికేసి చూసింది. వానపాముల మీద వీడికి ఇంత ప్రేమ ఎప్పటి నుంచి? బొర్రయ్య మెల్లగా జారుకున్నాడు.

మూడో కర్ర దగ్గర తవ్వుతుండగా నేల ఒక్కసారి కుంగింది. చెంగమ్మ దబ్బున కింద పడింది.

అది సొరంగం. కంచె కింద నుంచి పచ్చిక మధ్య దాకా పోతోంది. పైకప్పు నిండా గరిక వేళ్ళు వేలాడుతున్నాయి. సగం వేళ్ళు కొరికి ఉన్నాయి. ఒక పక్కన గరికను వేళ్ళతో సహా కట్టలు కట్టి, వరసగా పేర్చి ఉంది. మచ్చలు ఎక్కడి నుంచి వచ్చాయో చెంగమ్మకి ఇప్పుడు తెలిసింది. దొంగకి కింద దారి వదిలేసి తను చుట్టూ కంచె కట్టింది.

వెనక్కి తిరగబోయింది. కడుపు అడ్డు వచ్చింది. కాళ్ళు మట్టిలో ఇరుక్కున్నాయి. పైనున్న కన్నం మట్టి జారి సగం పూడిపోయింది.

సొరంగం అవతల బొర్రయ్య కళ్ళు కనిపించాయి.

"ఇలా చెప్పకుండా వస్తారా అక్కా ఒకరింటికి? ఇక్కడ గాలి ఎక్కువ. కడుపుతో ఉన్నదానివి, చల్లగాలి తగలకూడదు. ఈ పక్క మూసేస్తానుండు" అన్నాడు మర్యాదగా. వెనక కాళ్ళతో మట్టి ఎగదోయడం మొదలుపెట్టాడు.

చెంగమ్మ ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. ఎవరిని పిలవాలి? తను పిలవగలిగిన వాళ్ళందర్నీ తనే కంచె బయటికి నెట్టింది. అయినా వాళ్ళ పేర్లే నోటికి వచ్చాయి. "డిప్పయ్య మామా, సూదమ్మక్కా, చుక్కమ్మా" అంటూ పిలిచింది.

డిప్పయ్య బండల మీద ఉన్నాడు. ఆ పిలుపు విని, ఎక్కిన బండ మీద నుంచి డిప్పలోకి ముడుచుకుని కిందికి దొర్లాడు. అంత త్వరగా ఆయన ఎక్కడికీ ఎప్పుడూ రాలేదు. వచ్చి జాలీని తోశాడు. జాలీ వంగింది గానీ ఊడలేదు. చెంగమ్మ వేసిన ముడులు అంత గట్టివి.

"సూదమ్మా, చెంగమ్మ భూమిలో పడిపోయింది. తొందరగా రా" అని కేక వేశాడు.

చుక్కమ్మ పిల్లల్ని పొద కింద కూర్చోబెట్టి కంచె మీదుగా ఎగిరి వచ్చింది. నేలకి చెవి ఆనించి విని, "గొంతు ఇక్కడ వినిపిస్తోంది" అని ఒకచోట నిలబడింది. సూదమ్మ జాలీ కింద మట్టి గీకేసి, ముళ్ళన్నీ పడుకోబెట్టి, అడుగు నుంచి లోపలికి దూరింది. "అడుగు పాతలేదు కాబట్టి బతికిపోయావు చెల్లీ" అంటూనే తవ్వింది. కాసేపటికి చెంగమ్మ చెవులు దొరికాయి. ఆ తర్వాత చెంగమ్మ మొత్తం దొరికింది.

మట్టి కొట్టుకుని వణుకుతున్న చెంగమ్మ వాళ్ళ ముఖాలు చూడలేకపోయింది. "మిమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు" అంది.

"అవన్నీ తర్వాత. నువ్వు ముందు నీడలో కూర్చో" అంది సూదమ్మ. "మాకు ఇంకో పని ఉంది."

బొర్రయ్య బొరియకి ఇప్పుడు రెండు మూతులు, బండ కింద ఒకటి, పచ్చికలో ఇప్పుడే తవ్విన కన్నం ఒకటి. సూదమ్మ వెళ్ళి ఒక మూతికి వీపు పెట్టి కూర్చుంది. చుక్కమ్మ కంచె తీగ ముడులు ముక్కుతో విప్పింది. డిప్పయ్య లోపలికి వచ్చి రెండో మూతి మీద మూతలా కూర్చున్నాడు. బొర్రయ్య మొదటి వైపు నుంచి బయటికి రాబోయాడు. ముక్కు నిండా ముళ్ళు గుచ్చుకున్నాయి. రెండో వైపు వచ్చాడు. అంతా చీకటి.

"డిప్పయ్య మామా, కాస్త జరుగుతావా?"

"జరుగుతాను నాయనా. నేను కాస్త నిదానం కదా. ఎల్లుండికి జరుగుతాను."

సాయంత్రానికి బొర్రయ్య దారికి వచ్చాడు. దాచిన గరిక అంతా బయట పెడతానన్నాడు.

"బయట పెట్టడం కాదు. కణుపు కణుపూ మళ్ళీ నాటు" అంది చెంగమ్మ.

నాలుగు రోజులు బొర్రయ్య చేత నాటించారు. చెంగమ్మ నీడలో పడుకుని, "తమ్ముడూ, ఆ మూడోది కాస్త ఇటు వంగింది" అని చెప్పింది. నీళ్ళు కూడా వాడి చేతే పెట్టించారు. ముప్పై సార్లు మునిగి, ముప్పై సార్లు దులుపుకుని, వాడికీ జలుబు చేసింది. అయిదో రోజు తుమ్ముకుంటూ సెలయేరు దాటి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు బక్కగా ఉన్నాడు.

చెంగమ్మ కంచె మొత్తం విప్పేసింది. కొత్తగా నాటిన మచ్చల చుట్టూ మాత్రం చిన్న చిన్న జాలీ ముక్కలు నిలబెట్టింది. ఎక్కడెక్కడ నడవొచ్చో ఇరుగుపొరుగుని పిలిచి చూపించింది. గరిక కదా, పది రోజుల్లో చిగుళ్ళు వేసింది. ఆ రోజుల్లోనే చెంగమ్మకి ముగ్గురు పిల్లలు పుట్టారు.

ఒక్క విషయం మాత్రం చెంగమ్మని బాధ పెట్టింది. డిప్పయ్య రోజూ పచ్చిక అంచు దాకా వచ్చి ఆగిపోయేవాడు. అక్కడ ఇప్పుడు కంచె లేదు. అయినా ఆగి, "అమ్మాయ్, రావచ్చా?" అని అడిగేవాడు.

"అదేం మాట మామా, నువ్వు అడగాలా?" అనేది చెంగమ్మ.

మర్నాడు మళ్ళీ అడిగేవాడు. ఆ మర్నాడూ అడిగేవాడు. అయినా విసుక్కోకుండా ప్రతిసారీ ఎదురు వెళ్ళి పిలిచేది.

అలా చాలా రోజులు గడిచాక ఒక సాయంత్రం డిప్పయ్య ఏదో ఆలోచించుకుంటూ, తల వంచుకుని, ఆగకుండా, అడగకుండా, పచ్చిక మీదుగా నడుచుకుంటూ సెలయేటికి వెళ్ళిపోయాడు. చెంగమ్మ పిల్లలకి పాలిస్తూ అది చూసింది. ఆయన అడుగుల కింద వంగిన గడ్డి మెల్లగా మళ్ళీ పైకి లేస్తుంటే, దానికేసి చూస్తూ కూర్చుంది.

నీతి: చాటుమాటలు విని మనవాళ్ళకి అడ్డు కట్టే ముందు, వాళ్ళనే ఒక్క మాట అడగాలి. కంచె ఒక్క రోజులో కట్టేయవచ్చు, పోయిన నమ్మకం తిరిగి రావడానికి చాలా రోజులు పడుతుంది.