హైమావతి తలుపు రంగు

నాంచారమ్మ గారిని ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగిన మనిషిని కాసేపు చూసి, తమ పేటలో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. చీరాలలో సాయంత్రం పూట పదిమంది దాకా ఆమె వరండాలో చేరి, చెప్పింది విని వెళ్లేవారు.

ఒకరోజు అందరూ వెళ్లినా సోమలింగం అనే నేతగాడు మాత్రం కదలలేదు.

“అమ్మా, రేపటినుంచి నేను రాను,” అన్నాడు. “మా గురువు బసవయ్య గారు పోయాక మీ దగ్గర చేరాను. రెండేళ్లయింది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆయన ముఖమే కనిపిస్తుంది. మీ ఎదుట కూర్చుని ఆయన్ని తలుచుకోవడం మీకు ద్రోహం చేసినట్టు కాదా?”

నాంచారమ్మ గారు అతని వైపు చూసి, పానకాలరావు గారింట్లో జరిగింది చెప్పారు.

పానకాలరావు గారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య హైమావతి పోయిన ఆరేళ్లకు, పెద్దాసుపత్రిలో నర్సుగా చేసిన ప్రమీలను పెళ్లి చేసుకున్నారు. ప్రమీలకు అదే మొదటి పెళ్లి. అప్పటికి ఆమెకు యాభై మూడేళ్లు.

ఆ ఇంటి వీధి తలుపు హైమావతి దగ్గరుండి చేయించుకున్నది. ఏటేటా తన చేత్తోనే నూనె పట్టించేది. ఆమె పోయాక పట్టించుకున్నవాళ్లు లేరు. సముద్రపు గాలికి ఉబ్బి, కింద చెదలు పట్టి, ప్రమీల వచ్చిన ఏడు తుఫానుకు అడుగుభాగం ఊడి వాన నీళ్లు నడవాలోకి వచ్చాయి. వడ్రంగి వేలితో నొక్కి చూసి, మేకు దిగడానికి కూడా గట్టి చెక్క మిగల్లేదన్నాడు.

ఇద్దరూ కలిసి కొత్త తలుపు కొనడానికి వెళ్లారు. కొట్టువాడు ఫైబర్ గ్లాస్ తలుపు చూపించాడు. చెదలు పట్టవు, వానకు ఉబ్బదు, ఉప్పుగాలికి చెడదు అన్నాడు. నున్నటిదా, చెక్క చారలున్నదా అని అడిగాడు. చారలున్నది బాగుంటుందేమో అంది ప్రమీల. పానకాలరావు గారు సరేనన్నారు. వచ్చినవాళ్లు కనబడేలా పైన చిన్న అద్దం ఉంటే మేలంది. దానికీ సరేనన్నారు.

“మీకేది నచ్చిందో ఒక్కటన్నా చెప్పండి,” అంది ప్రమీల.

“నీ ఇష్టమే నా ఇష్టం,” అన్నారాయన. ప్రమీలకు అది సంతోషంగా అనిపించలేదు. ఆ ఇంటికి వచ్చి మూడు నెలలైనా, బజారు నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ తలుపు తట్టి లోపలికి రావాలేమో అని ఆమెకు తోస్తూనే ఉంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

తలుపుకు రంగు వేయడానికి మస్తాన్ మేస్త్రీ వచ్చాడు. గాలిలో చెమ్మ ఉంటే పూత ఆరదని రెండు రోజులు ఆగి, పొడిగా ఉన్న రోజు చూసి మొదలుపెట్టాడు. నీడలో రెండు బల్లల మీద తలుపును పడుకోబెట్టి, మరక లేకుండా స్పిరిట్‌తో తుడిచాడు. రంగుల కార్డు తీసి ప్రమీల చేతికిచ్చాడు. ఆమె తేనె రంగు చూపించింది. పానకాలరావు గారు బాగుందన్నారు. ఆ మాట అనేసి పెరట్లోకి వెళ్లిపోయారు.

టీ ఇవ్వడానికి ప్రమీల వెనకే వెళ్లింది. గోడకు చేరేసిన పాత తలుపు పక్కన ఆయన కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే గుప్పిట మూశారు.

“చెయ్యి చూపించండి,” అంది ప్రమీల, ఆసుపత్రిలో రోగుల్ని అడిగినట్టే.

ఆయన గుప్పిట తెరిచారు. పాత తలుపునుంచి విరిచిన వేలెడు చెక్కముక్క.

“రంగు మరిచిపోతానేమోనని,” అన్నారు తల వంచుకుని. “కొట్టుకు వెళ్లినరోజు కూడా జేబులోనే ఉంది. నిన్ను ఆమె గుమ్మంలోంచే ఇంట్లోకి తెచ్చాను ప్రమీలా. ఈ తలుపైనా నీదిగా ఉండాలని నోరు మూసుకున్నాను.”

ప్రమీల టీ గ్లాసు గట్టు మీద పెట్టి, కాకరపాదు వైపు చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఆయన అరచేతిలోంచి ముక్క తీసుకుని వీధిలోకి నడిచింది.

“మస్తాన్, ఈ రంగు తేగలవా?”

మస్తాన్ ముక్కను ఎండలో తిప్పి చూశాడు. “ఏళ్ల తరబడి నూనె తాగిన చెక్కమ్మా ఇది. ఏ డబ్బాలోనూ దొరకదు. రెండు రంగులు కలిపితే దగ్గరికి రావచ్చు.”

కలిపాడు. తలుపు అడుగు అంచు మీద కొంచెం రాసి చూశాడు, మళ్లీ కలిపాడు. మూడోసారికి ప్రమీల తలూపింది. పానకాలరావు గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

“అలా నిలబడే బదులు ఒక గుడ్డ పట్టుకోండి,” అంది ప్రమీల.

మస్తాన్ చార వెంట రంగు రాస్తూ పోతుంటే, చారలు కనబడేలా ఎక్కువైన రంగును ఇద్దరూ చెరోవైపు గుడ్డతో తుడిచారు. గాయం తుడిచిన అలవాటు కాబోలు, ప్రమీల శుభ్రంగా తుడిచేసింది. ఆయన చెయ్యి మాత్రం రంగు మీద మెల్లగా పోయింది. ఆరేసరికి ప్రమీల తుడిచిన తాళం వైపు సగం తేనెలా లేతగా, ఆయన తుడిచిన రెండో సగం పాత తలుపులా ముదురుగా తేలాయి.

మస్తాన్ నొచ్చుకున్నాడు. “వార్నిష్ కొట్టేలోగా లేత వైపు ఇంకో పూత వేసి సమం చేస్తాను సార్,” అన్నాడు.

నాంచారమ్మ గారు అక్కడితో ఆపారు. సోమలింగం “సమం చేశాడా అమ్మా?” అని అడిగాడు.

“ఇద్దరూ ఒకేసారి వద్దన్నారట. అలాగే వార్నిష్ కొట్టించి తగిలించారు. ఇంటికెళ్లే దారిలో చూడు, కనబడుతుంది.”

సోమలింగం కళ్లు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. అతను మెట్లు దిగుతుంటే ఆమె వెనకనుంచి పిలిచారు.

“రేపు కాస్త ముందుగా రా నాయనా. బసవయ్య గారు నీకేం చెప్పేవారో నాకూ వినాలనుంది.”