కొండ దాచుకున్న చప్పుడు

ఒకప్పుడు కొండలకు చెవులే తప్ప నోరు లేదు.

ఇసుకలో పోసిన నీళ్లలాగా, కొండను తాకిన చప్పుడు లోపలికి ఇంకిపోయేది. నెమలి కూస్తే ఆ కూత ఇంకిపోయేది. పులి గాండ్రిస్తే ఆ గాండ్రింపూ ఇంకిపోయేది. గొడ్డలి దెబ్బా, పిల్లల కేకా, పెళ్లిపాటా, ఏదైనా అంతే. కొండ అన్నీ వినేది, అన్నీ తనలోనే దాచుకునేది. ఒక్కటీ తిరిగి ఇచ్చేది కాదు.

ఆ రోజుల్లో గోగుకొండ అని ఒక కొండ. దాన్ని చుట్టుకుని ఒక వాగు. కొండకు ఈవల, వాగు వచ్చే వైపు ఎగువగూడెం. ఆవల, వాగు పోయే వైపు దిగువగూడెం. వరద వస్తే ముందు ఎగువగూడెం వాళ్లకే కనబడేది.

ఎగువగూడెంలో జోగయ్య అని డప్పు వాయించేవాడు ఉండేవాడు. పెళ్లికి అతనే, పండగకి అతనే, చావుకీ అతనే. వాగునీళ్లు ఎర్రబడితే ఒడ్డున బండ ఎక్కి డప్పు కొట్టి, అందరినీ మెరకకు పంపేదీ అతనే. దిగువగూడెం వాళ్లు కూడా ఆ డప్పునే నమ్ముకున్నారు. అప్పటిదాకా పెద్ద వరద రాలేదు. అందుకని, ఆ డప్పు తమ దాకా వినబడదన్న సంగతి వాళ్లకు తెలియలేదు.

జోగయ్య పెళ్లాం ఉంగమ్మ. డప్పు ముట్టుకునేది కాదు గానీ, దాని సంగతి అంతా ఆమెకు తెలుసు. వాయించే ముందు గడ్డి మంట వేసి తోలు కాచేది ఆమే. తోలు వేడెక్కితేనే డప్పుకు గొంతు లేస్తుంది. జోగయ్య వేలితో ఒక్కసారి తట్టి, తల ఊపేవాడు. అంటే కాగింది అని.

ఒక ఏడు వానలు ఆగకుండా పట్టాయి. ఒక పొద్దున వాగు రంగు మారింది. జోగయ్య డప్పు తీసుకుని బండెక్కాడు. ఉంగమ్మ తాటాకు గొడుగు కింద నిప్పు ఆరకుండా పట్టుకుంది. కాచిన తోలు వానకు మళ్లీ మెత్తబడేది. మళ్లీ కాచేది. అతను మళ్లీ కొట్టేవాడు. చేతిలో పుల్లలు జారిపోతే అరచేతితో కొట్టాడు. ఎగువవాళ్లందరూ మెరకకు చేరారు. దిగువగూడెం కోసం అతను ఇంకా కొడుతూనే ఉన్నాడు. అలా కొడుతుండగానే అతని కాళ్ల కింద బండతో సహా ఒడ్డు విరిగింది. జోగయ్య వాగులో కలిసిపోయాడు.

దిగువగూడెంలో గుడిసెలు కొట్టుకుపోయాయి. అక్కడ ఉంగమ్మ చెల్లెలు ముత్తక్క ఉండేది. ఆమె కూతుర్ని వరద తీసుకుపోయింది.

నీళ్లు తగ్గాక ముత్తక్క కొండ చుట్టూ నడిచి వచ్చి, అక్క గుమ్మం ముందు నిలబడింది.

"అక్కా, బావ డప్పు ఎందుకు కొట్టలేదు?"

కొట్టాడని, కొడుతూనే పోయాడని ఉంగమ్మ చెప్పింది. డప్పు కాచింది తానేనని చెప్పింది.

"కొట్టి ఉంటే నా బిడ్డ ఉండేది" అని ముత్తక్క వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ మాట గూడెం గూడెం పాకింది. ఎగువవాళ్లు డప్పు విన్నామన్నా, తమవాణ్ణి వెనకేసుకొస్తున్నారని ఎవరూ నమ్మలేదు. జోగయ్య భయపడి పారిపోతూ వాగులో పడ్డాడని కొందరన్నారు. తాగి పడుకున్నాడని కొందరన్నారు. మొగుడు పోయిన దుఃఖం ఒకెత్తు, ఈ మాటలు ఒకెత్తు అయ్యాయి ఉంగమ్మకు.

ఆమె వాగు దగ్గరికి వెళ్లి అడిగింది, నా మనిషి డప్పు చప్పుడు ఎటు పోయిందని.

"తేలేవాటినే నేను మోస్తాను తల్లీ. చప్పుడు తేలదు. గాలిని అడుగు" అంది వాగు.

గాలిని అడిగింది. గాలి తలవంచుకుంది. డప్పు చప్పుడును తాను మోసుకుపోతుంటే కొండ తన చేతుల్లోంచి లాగేసుకుందని చెప్పింది.

ఉంగమ్మ కొండెక్కింది. కొండకు నోరు లేకపోయినా, రాతికి చెవి ఆనించిన వాళ్లకు లోపలి మాట సన్నగా తెలిసేది. ఆమె చెవి ఆనించింది.

"ఉంది ఉంగమ్మా, నా దగ్గరే ఉంది" అంది కొండ. "విను."

ఆమె విన్నది. ముందు కాగిన తోలు మీద గట్టి దెబ్బలు. తర్వాత తడిసిన తోలు మీద బరువు దెబ్బలు. ఆ తర్వాత ఉత్త అరచేయి. దెబ్బకూ దెబ్బకూ నడుమ అతని ఊపిరి. ఆ రోజు వానలో పక్కనే ఉండి కూడా ఆ ఊపిరి ఆమె వినలేదు. ఇప్పుడు విన్నది. రాతిని కరుచుకుని ఏడ్చింది.

ఇక రోజూ కొండెక్కడమే పనయింది. పొలం బీడు పడింది. పొయ్యిలో పిల్లి లేవలేదు. వినడం, దిగడం, మళ్లీ ఎక్కడం.

ఒకరోజు డప్పు చప్పుడు అడుగున ఇంకేదో వినబడింది. సన్నటి గొంతు, 'అమ్మా' అని.

"అది మీ ముత్తక్క బిడ్డ" అంది కొండ. "ఆ వరదలోనే అరిచింది. అదీ నాలోనే ఉంది."

ఉంగమ్మ రెండు చేతులా రాతిని పట్టుకుంది. "ఇవన్నీ పెట్టుకుని నీకు నిద్ర ఎలా పడుతోంది తాతా?"

"పట్టడం లేదమ్మా."

అయితే బయటికి వదిలెయ్యమని ఆమె అడిగింది. వదలాలంటే తన రొమ్ము పగలాలని, ఒకసారి పగిలితే మళ్లీ మూతపడదని కొండ చెప్పింది. లోపల దాచినవన్నీ వెళ్లిపోతాయని, జోగయ్య చప్పుడు కూడా ఉండదని చెప్పింది. ఉంగమ్మ కొండ దిగింది. ఆ ఒక్కటీ వదులుకోవడం ఆమె వల్ల కాలేదు.

మళ్లీ వానలు వచ్చాయి. ఒక పొద్దున వాగు మళ్లీ ఎర్రబడింది. నిరుటి కంటే పొగరుగా ఉంది.

ఉంగమ్మ ఇంట్లో ఉన్న పాత డప్పు దించి, మంట వేసి కాచింది. వేలితో తట్టి చూసుకుంది. కొండ పాదం దగ్గర, రాతి పక్కన నిలబడి కొట్టింది. ఎన్నడూ పుల్ల పట్టని చెయ్యి. దెబ్బ తడబడింది. అయినా కొట్టింది. ఎగువవాళ్లు విని మెరకకు పరిగెత్తారు. దిగువకు పోవలసిన చప్పుడు మాత్రం కొండలోకి ఇంకిపోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది.

ఆమె రాతికి చెవి ఆనించింది.

"తాతా, తెరువు."

"జోగయ్య పోతాడమ్మా" అంది కొండ.

"పోయినవాడు నిరుడే పోయాడు. ఉన్నవాళ్లు పోకూడదు. తెరువు."

కొండ కదిలింది. రాళ్లు దొర్లాయి. కొండ రొమ్ము నిలువునా చీలి లోయలు పడ్డాయి, గుహలు పడ్డాయి. లోపల ఉన్నదంతా బయటికి వచ్చింది. ఎప్పటివో నెమలి కూతలు వచ్చాయి. చచ్చిపోయిన పులుల గాండ్రింపులు వచ్చాయి. ముసలమ్మల పెళ్లిపాటలు వచ్చాయి. వాటి వెనకే జోగయ్య డప్పు వచ్చింది. ఉంగమ్మ పుల్ల ఆపలేదు. తడబడే ఆమె దెబ్బ పక్కన అతని దెబ్బ నిలకడగా నడిచింది. ఆ రెండూ కలిసి కొండ దాటి దిగువకు పోయాయి.

దిగువగూడెం వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్లను మోసుకుని మెరక ఎక్కారు. నీళ్లు వచ్చేసరికి గుడిసెల్లో మనిషన్నవాడు లేడు.

వాగు తగ్గాక ముత్తక్క వచ్చింది.

"రెండు డప్పులు వినబడ్డాయి అక్కా. తడబడేది నీదే అనుకున్నాం. రెండోది ఎవరిది?"

"మీ బావది" అంది ఉంగమ్మ. "నిరుటిది."

ముత్తక్క గుమ్మంలోనే కూలబడింది. మెల్లగా చెప్పింది. "నా బిడ్డ పిలుపు కూడా విన్నానక్కా. అప్పుడు వినలేకపోయాను. ఇప్పుడు విన్నాను." ఉంగమ్మ చెల్లెలి తల తన ఒళ్లో పెట్టుకుంది.

మర్నాడు ఉంగమ్మ కొండ దగ్గరికి వెళ్లి రాతికి చెవి ఆనించింది. లోపల ఏమీ లేదు. లేచి, వెనక్కి నడిచి, కొండకు ఎదురుగా నిలబడింది. ఆడది మొగుడి పేరు పలకని రోజులవి. బతికి ఉండగా ఒక్కసారీ పలకని ఆ పేరును ఆమె గొంతెత్తి పిలిచింది.

"జోగయ్యా..."

కొండ అలవాటు కొద్దీ ముందు చివరిదాకా విన్నది. కొంచెం తనకని ఉంచుకుంది గానీ, మూతపడని రొమ్ములో మిగతాది నిలవలేదు.

"...గయ్యా" అంది కొండ, మెల్లగా.

అప్పటినుంచే కొండలు మారుపలుకుతున్నాయి. వినడం ముందు, పలకడం తర్వాత గనక ఆ పలుకు ఆలస్యంగా వస్తుంది. అందులో కొంత కొండ దగ్గరే ఉండిపోతుంది గనక మన కేక మనకు సన్నగా, చివరి ముక్క మాత్రమే తిరిగి వస్తుంది.