కండువా తిన్న చేను

అనగా అనగా, మీ ముత్తాతకు ముత్తాత ఇంకా ఊయలలో వేలు చీకుతున్న కాలాన, ఎర్రగుట్టల సీమ అనే చిన్న రాజ్యం ఉండేది. దానిని గుణధరుడు అనే రాజు పాలించేవాడు. రాజు మంచివాడే. కానీ రాజు మంచివాడని వాన కురుస్తుందా? ఒక ఏడు కురవలేదు. రెండో ఏడు కురవలేదు. మూడో ఏడు మబ్బు కూడా ముఖం చాటేసింది.

తిండిగింజలు అయిపోయాయి. జనం విత్తనాలు కూడా వండుకుని తిన్నారు. ఆకలి అటువంటిది, ఎవరినీ తప్పు పట్టలేం. చివరికి రాజ్యమంతటా ఒకే ఒక్క బానెడు జొన్న విత్తనం మిగిలింది.

అదైనా మిగిలిందంటే, ఆ పుణ్యం కొఠారు అధికారి తిప్పన్నది. కొఠారు అంటే రాజుగారి ధాన్యం దాచే ఇల్లు. తిప్పన్న రోజూ ఆ బాన మూత తీసేవాడు. గింజలు ఎండలో ఆరబోసేవాడు, చేటలో చెరిగేవాడు, వేపాకూ బూడిదా కలిపి మళ్ళీ దాచేవాడు. పురుగు కనబడితే చాలు, ఆయన బొటనవేలి గోరు దాని మీదికి దిగేది. చిటుక్కుమనేది. మూడేళ్ళలో ఒక్క గింజకు చిల్లు పడలేదు. తాను పస్తున్న రోజున కూడా ఆయన ఆ బానలో చేయి పెట్టలేదు.

నాలుగో ఏడు దేవుడికి దయ కలిగింది. రోహిణి ఎండలు ముగుస్తుండగా రెండు మంచి వానలు పడ్డాయి. రాజు తిప్పన్నను పిలిచాడు.

"తిప్పన్నా, ఈ బానెడు విత్తనం ఒకే ఒక్క మేలైన చేనులో వేద్దాం. అది పండితే రాజ్యమంతటికీ విత్తనం. పండకపోతే మనమందరం మూటలు కట్టుకుని వలస పోవలసిందే. కాపాడినవాడివి నీవే, చేను ఎంచేదీ నీవే."

తిప్పన్న చేట చంకన పెట్టుకుని బయలుదేరాడు. అవును పిల్లలూ, చేటే! ఆయనకు తెలిసిన విద్య అది. ఊరి పక్కన మూడు చేలు చూశాడు. మూడింటిలోనూ మట్టి తీసి, గింజలు చెరిగినట్టు చేటలో చెరిగాడు.

మొదటిది లింగన్న చేను. లింగన్న తన చేలో గొర్రెల మందను పడుకోబెట్టేవాడు, రాలిన ఆకును రాలినట్టే ఉంచేవాడు. ఆ మట్టిని చేటలో పోయగానే ఒక వానపాము మెలికలు తిరిగింది. నువ్వుగింజలో సగం లేని తెల్ల పురుగులు టిక్కుటిక్కుమని గెంతాయి. ఒక నల్ల పురుగు కోపంగా చేట అంచు ఎక్కింది.

"ఛీ, పురుగు పట్టిన నేల!" అని తిప్పన్న చేట దులిపేశాడు.

రెండోది ఏటిగట్టు చేను. అందులో అక్కడొకటి ఇక్కడొకటి పురుగు కనబడింది. తిప్పన్న పెదవి విరిచాడు.

మూడోది ఊరి పెద్దకాపు భూషణప్ప చేను. ఆయన ఏటేటా కోత తర్వాత మిగిలిన కొయ్యకాళ్ళూ ఆకూ అలమూ అన్నీ తగలబెట్టి, చేనును తుడిచిన వాకిలిలా ఉంచేవాడు. చేటలో ఎంత చెరిగినా ఒక్క పురుగు లేదు. తిప్పన్న ముఖం వెలిగిపోయింది. "ఇది నేల అంటే!" అన్నాడు. భూషణప్ప మీసం దువ్వుకున్నాడు.

మృగశిర కార్తె వచ్చింది. ఏరువాక సాగించడానికి రాజు స్వయంగా వచ్చి భూషణప్ప చేలో నాగలి మేడి మీద చేయి వేశాడు. అంతలో జనంలోంచి ఒక గొంతు లేచింది.

"దొరా, ఒక్క మాట! ఈ నేల ఉలకదు, పలకదు. దీంట్లో ఇత్తనం ఎయ్యొద్దు సామీ."

ఆమె పేరు సుంకులమ్మ. సొంత చేను లేదు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో అందరి చేలల్లో కలుపు తీసి బతుకుతోంది. నిలబడి చూసేవాడికి పైరు కనబడుతుంది, కూర్చుని కలుపు తీసేదానికి నేల కనబడుతుంది.

"మరి ఏ చేను మంచిదంటావమ్మా?" అన్నాడు రాజు.

"లింగన్న చేను దొరా. దాంట్లో పురుగులుండాయి."

జనం గొల్లుమన్నారు. తిప్పన్న మాత్రం నవ్వలేదు. పక్కనున్న విత్తనాల బాన మీద చేయి వేశాడు. "మూడేళ్ళమ్మా! మూడేళ్ళు ఒక్క పురుగును దీని దరికి రానివ్వలేదు. ఇప్పుడు నా చేతులతో నేనే పురుగుల నోట్లో పోయమంటావా?"

ఆ బాధ చూసి సుంకులమ్మకు జాలి కలిగింది. "నా మాట నమ్మొద్దు సామీ. నేలనే అడగండి" అంది.

మూడు చేలల్లోనూ ఒక్కొక్క కడవ నీళ్ళు పోయించింది. భూషణప్ప చేలో నీళ్ళు నిలబడి, పక్కకు జారి, రాజుగారి పావుకోళ్ళను తడిపాయి. ఏటిగట్టు నేల మెల్లగా పీల్చుకుంది. లింగన్న నేల గుటుక్కున మింగేసింది.

"నీళ్ళు నిలిచే నేలే కదా మేలు!" అన్నాడు తిప్పన్న.

మూడు చేల నుంచి మూడు మట్టిపెళ్ళలు తెచ్చి నీళ్ళ చెంబుల్లో వేయించింది. భూషణప్ప పెళ్ళ క్షణంలో బురదైంది. ఏటిగట్టు పెళ్ళ సగం విరిగింది. లింగన్న పెళ్ళ చెక్కుచెదరలేదు.

"కరిగే మట్టి మెత్తన. వేరు సులువుగా దిగుతుంది" అన్నాడు తిప్పన్న. చదువుకున్నవాడికి సాకులు కరువా?

సుంకులమ్మ ఆయన మెడలోని నూలు కండువా వంక చూసింది. "సామీ, ఆ కండువా ఇస్తారా? మూడు ముక్కలు చేసి మూడు చేలల్లో పాతుదాం. ఒక్క కార్తె ఓపిక పట్టండి. ఆరుద్రలో ఇత్తినా అదను తప్పదు."

రాజు నాగలిని చేనులోంచి తీయించాడు. తిప్పన్న కండువా ఇచ్చాడు. మూడు చేలల్లో మూడు ముక్కలు పాతి, గుర్తుకు రాళ్ళు పెట్టారు.

ఆ పద్నాలుగు రోజులూ లింగన్నకు పద్నాలుగేళ్ళయ్యాయి. పెద్దలు "పురుగుల లింగన్నా" అని పిలిచారు, పిల్లలు వెంటపడి గెంతారు. పదో రోజున ఓర్చుకోలేక ఎండుకంప చేలో పరిచి, నిప్పుకొరివి పట్టుకొచ్చాడు. సుంకులమ్మ పరుగున వచ్చి ఆ కంప మీదే చతికిలబడింది.

"ముందు నన్ను కాల్చన్నా!"

"లెయ్యి సుంకులమ్మా. నా పరువు పాయె."

"పరువు మల్లా వస్తాది. కూలి అడక్కుండా నీ చేను దున్నే ఇంతమందిని కాల్చుకుంటే మల్లా యాడ నుంచి తెస్తావన్నా?"

లింగన్న చివరికి కొరివిని కాలువలో ముంచాడు. కంపను ఇద్దరూ కలిసి ఎత్తేశారు.

ఆరుద్ర కార్తె వచ్చింది. తెల్లవారుజామున జల్లు పడి వెలిసింది. ఊరంతా విత్తనాల బానతో సహా చేలకు కదిలింది.

ముందు భూషణప్ప చేలో తవ్వారు. కండువా ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. ఉతికి కట్టుకోవచ్చు! "చూశారా, మా నేల పరాయి సొమ్ము ముట్టదు!" అని భూషణప్ప పొంగిపోయాడు. ఏటిగట్టు చేలో తవ్వితే గుడ్డకు అక్కడక్కడా చిల్లులు పడ్డాయి. లింగన్న చేలో తవ్వితే గుడ్డే లేదు. అంచు పోగులు నాలుగు, వాటి మధ్య హాయిగా మెదులుతూ పురుగులూ ఉన్నాయి.

తిప్పన్న తల పట్టుకున్నాడు. "కండువానే తిన్న నేల గింజను మిగులుస్తుందా!"

"సామీ, మీ ఇంట్లో బిడ్డ అన్నం ముట్టకపోతే ఏమంటారు?"

"జబ్బు చేసిందంటాం."

"మరి ఏమేసినా ముట్టని నేలను మంచిదంటిరే! ఈ నేలకు ఆకలుంది. ఈ పురుగులే దాని నోరు. ఎండుటాకు తిని ఎరువు చేస్తాయి, సందులు చేసి నీళ్ళను లోపలికి పిలుస్తాయి, మట్టిని వానకు కరగకుండా పట్టి ఉంచుతాయి. పచ్చని మొలకను తినే పాడు పురుగులు కూడా ఉంటాయి, లేవనను. కానీ వాటిని పట్టి తినేవీ ఈడనే ఉండాయి." సుంకులమ్మ మెల్లగా అంది. "మీరు తప్పు చెయ్యలేదు సామీ. గాదెలో గింజ నిద్రపోవాల. అందుకే పురుగును తరిమినారు. నేలలో గింజ నిద్ర లెయ్యాల. పురుగే లేకుంటే దాన్ని ఎవరు లేపుతారు?"

తిప్పన్న మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని తడినేల మీద అరచేయి ఆనించాడు. అప్పుడే మట్టిలోంచి ఎర్ర మఖమలు బొట్టులాంటి ఆరుద్ర పురుగు ఒకటి బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. మొదటిది తాపీగా ఆయన వేలెక్కింది.

అలవాటు కొద్దీ ఆయన బొటనవేలి గోరు లేచింది.

ఊరంతా ఊపిరి బిగబట్టింది. గోరు అలాగే ఆగిపోయింది. తిప్పన్న కళ్ళు చెమర్చాయి. వేలిని నేలకు ఆనించి, "దిగు తల్లీ, నీ పని చూసుకో" అన్నాడు. తర్వాత లేచి, తానే బాన మూత తీశాడు.

ఆ ఏడు లింగన్న చేలో కంకులు బరువుకు తలలు వంచాయి. బానెడు విత్తనం గాదెల కొద్దీ అయింది. ఎర్రగుట్టల సీమలో ఒక్క ఇల్లూ వలస పోలేదు. రాజు ప్రతి ఊళ్ళోనూ నేలలు చూసే పని సుంకులమ్మకు అప్పగించాడు. ఆమె వెంట చేట పట్టుకుని తిరిగింది ఎవరనుకున్నారు? మన తిప్పన్నే!

భూషణప్ప మాత్రం సిగ్గుపడుతూ లింగన్న ఇంటికొచ్చాడు. "మీ చేను మట్టి ఒక గంపెడు ఇయ్యి లింగన్నా. పాలకు తోడేసినట్టు మా చేలో ఏసుకుంటా. ఇంక కాల్చను." లింగన్న రెండు గంపలిచ్చాడు. మూడో ఏటికి ఆ చేలోనూ ఆరుద్ర పురుగులు తిరిగాయి.

నాటి నుంచి ఆ సీమలో ఏరువాక రోజున పెద్దలు పిల్లలను ఇలా దీవిస్తారట: "మీ గాదెకు పురుగు పట్టకుండుగాక, మీ నేలను పురుగు విడవకుండుగాక!"

నీతి: ఒకచోట శత్రువైనది మరొకచోట ప్రాణదాత కావచ్చు, చోటు తెలియక తీర్పు చెప్పరాదు, ఎంత చిన్న ప్రాణినైనా చులకన చేయరాదు.