చుక్కమ్మ పట్టుదల, నల్లమట్టి నక్క

కొండ దిగువన ఒక చిత్తడి నేల ఉండేది. వానాకాలంలో తాగిన నీటిని అది వేసవంతా కొద్దికొద్దిగా వదిలేది. ఆ ఊటతోనే చుట్టుపక్కల జంతువులు కూరతోటలు పెంచుకునేవి.

గుంటనక్క కన్ను ఆ చిత్తడి మీద పడింది. ఆకూ అలమూ తరాల తరబడి నీళ్లలో నాని తయారైన నల్లమట్టి అది. దూదిలా మెత్తన. నక్క దాన్ని తవ్వి, తట్టలకెత్తి, తోట తోటకీ మోసేది. "ఇందులో గింజ వేస్తే చాలు, మొక్క పరిగెత్తుకొస్తుంది" అంటూ పంటలో వాటా పట్టుకుపోయేది.

కోడిపెట్ట చుక్కమ్మ కూడా ఆ మట్టిలోనే వంగనారు పోసేది. ఒక వేసవి పొద్దున బాతు ఏడుస్తూ వచ్చింది.

"వదినా, నక్క తవ్విన గోతులతో చిత్తడి ఎండి బీటలు వారింది. నా గూడు చుట్టూ నీళ్లుంటే ముంగిస దగ్గరికొచ్చేది కాదు. ఇప్పుడు దర్జాగా నడిచొచ్చి గుడ్లన్నీ తినిపోయింది."

చుక్కమ్మ తన కాలువకేసి చూసింది. అందులోనూ ధార సన్నబడింది.

"ఇక ఆ మట్టి నా తోటలో అడుగుపెట్టదు!"

తట్టతో అటుగా వచ్చిన నక్క కిసుక్కున నవ్వింది. "మరి నారు గాల్లో పోస్తావా చుక్కమ్మా?"

చుక్కమ్మ తిన్నగా ఎద్దు గంగులు దగ్గరికి వెళ్లింది. "మామా, నీ పేడ కావాలి. రాలిన ఆకులూ చిక్కుడు తొక్కలూ కలిపి ఎరువు చేస్తాను."

"పట్టుకెళ్లవే. కానీ తొందరపడకు. మాగని ఎరువు వేళ్లను కాలుస్తుంది."

చుక్కమ్మ తొందరపడనే పడింది. నారు పసుపుబారి తలవాల్చింది. నక్క ఆ ముచ్చట ఊరంతా టముకు వేసింది.

"మానేస్తావా?" అన్నాడు గంగులు.

"మానను మామా. ఈసారి ఆగుతాను."

రోజూ కాళ్లతో కుప్పను తిరగేసింది, నీళ్లు చిలకరించింది. కుప్ప పొగలు కక్కింది, ఆపై చల్లారింది. చివరికి తొలకరి మట్టి వాసన వచ్చింది. గంగులు మూతి పెట్టి చూసి, "ఇప్పుడు చల్లుకో" అన్నాడు.

చుక్కమ్మ ఒక మడిలో తన ఎరువు, పక్క మడిలో మిగిలిపోయిన నల్లమట్టి వేసి, రెంటిలోనూ నారు పోసింది. పురుగు పట్టకుండా పైన బూడిద కప్పింది. మొక్కలు నిలదొక్కుకున్నాక అందరినీ పిలిచింది.

"నక్క బావా, నీ మట్టి మడి ఏదో చెప్పు."

"నా మట్టిని నేను గుర్తుపట్టనా?" నక్క మీసం దువ్వుకుంటూ బొద్దుగా, ముదురాకుపచ్చగా ఉన్న మొక్కలను చూపించింది. "ఈ బలం ఇంకే మట్టికొస్తుంది!"

చుక్కమ్మ కాలితో బూడిద తోసింది. కింద చిక్కుడు తొక్కలు, ఆకు ఈనెలు బయటపడ్డాయి.

"అదీ... నా మట్టి గాలి దానికి సోకి ఉంటుంది" అని గొణిగింది నక్క.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది! నీ సరుకు నువ్వే పోల్చుకోలేవు, మేమెందుకు తీసుకోవాలి?" అంది మేక.

సాయంత్రానికల్లా ప్రతి తోటలోనూ ఎరువు గుంట తవ్వడం మొదలైంది. నక్క తట్ట పక్కన కూలబడి పిలుస్తూనే ఉంది. ఎవరూ రాలేదు. ఎండకు ఆ మట్టి పొడై, గాలికి లేచి దాని కళ్లలోనే పడింది.

నీరు దాచే నేలను తవ్వి తోట పెంచితే పచ్చదనం ఒక్క పంటకే, దాహం తరతరాలకు.