ముందు చిటికెడు

“కాపాడేదే కదా మాస్టారూ సల్ఫైటు! చిటికెడు మేలు చేసేటప్పుడు, మొత్తం ముందే పోస్తే కీడెలా అయింది?” అని పొద్దున్నే అడిగింది, ఫొటో స్టూడియోలో పని నేర్చుకుంటున్న వరాలు. ఆ స్టూడియో కూర్మయ్య మాస్టారిది. అడిగిన వెంటనే చెప్పే అలవాటు ఆయనకు లేదు.

అవి పార్వతీపురంలో స్టూడియోవాళ్లు ఫిల్ము కడిగే మందు తామే కలుపుకునే రోజులు. కాచి చల్లార్చిన నీళ్లు, గోధుమరంగు సీసాలు, కంసాలి త్రాసులాంటి బుల్లి త్రాసు. ఆ మందు వాసన తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు తగులుతుందంటుంది వరాలు. ముందుగా సల్ఫైటు చిటికెడు వెయ్యాలి. లేకపోతే ఫిల్ము మీద బొమ్మను తేల్చే మెటాల్ పొడి గాలికి రంగు మారి పాడైపోతుంది. మెటాల్ కరిగాకే మిగతా సల్ఫైటు. ముందురోజు మాస్టారు ఊళ్లో లేనప్పుడు, వరాలు తొందరపడి సల్ఫైటంతా ముందే పోసేసింది. మెటాల్ కరగక ఇసకలా అడుగున మిగిలింది. ఆ నీళ్లలోనే పోలినాయుడి రీలు కడిగింది. పన్నెండు బొమ్మల్లో ఒక్కటే నిలిచింది. అవన్నీ కిందటి నెల జ్వరంతో పోయిన అతని కూతురు సూరీడువి. ఆ పిల్ల బొమ్మ మరెక్కడా లేదు.

అంతలో పోలినాయుడే గుమ్మంలోకి వచ్చాడు. వరాలు గబగబా ఎదురెళ్లింది. “కూర్చో బాబాయ్. ఏదీ మన చేతిలో ఉండదు కదా! రాసిపెట్టినట్టే జరుగుతుంది. మనసులో ఉన్న రూపాన్ని ఎవరు చెరపగలరు?” అంటూ ఊపిరి తిప్పుకోకుండా ఓదార్చింది. ఆఖర్న ఎక్కడో ఫిల్ము పాడైన మాట కూడా అంది.

అతను అంతా విని బుద్ధిగా తలూపాడు. “సరే తల్లీ. అయితే పొటోలు రేపిస్తావేటి?”

మాస్టారు లేచి, గ్లాసుతో మంచినీళ్లిచ్చి, అతని పక్కన బల్ల మీద కూర్చున్నారు.

“సూరీడు నవ్వితే ఏ చెంప సొట్టపడేది నాయుడూ?”

“ఎడం చెంప, బాబూ.”

“ఆ నవ్వొక్కటే దక్కింది. తక్కిన పదకొండూ పాడైపోయాయి. తప్పు మాదే.”

పోలినాయుడు తలపాగా విప్పి అందులో మొహం దాచుకున్నాడు. మాస్టారు అతని వీపు మీద చెయ్యి వేసి, ఆ పూట స్టూడియో పనంతా మానుకుని అలాగే కూర్చుండిపోయారు. వరాలు చీకటిగదిలోకి వెళ్లి, ఆ ఒక్క బొమ్మనూ కాగితం మీదికి ఎక్కించి తెచ్చింది. తడి ఆరకముందే అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని వెళ్లాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, మాస్టారు అన్నారు: “పొద్దున అడిగావు కదమ్మా, కాపాడేదంతా ముందే పోస్తే కీడెలా అయిందని?”