చేతుల్లో తెచ్చిన కొలత

పానకాలయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు కూడా వేసుకోవాలి. ఆ తరవాత నడకా, బస్సా అన్నది ప్రశ్న బరువుని బట్టి ఉంటుంది. మాయ అంటే ఏమిటని అడిగిన పాపానికి ఒకసారి మమ్మల్ని ఎండలో ఉల్లిపాయల సంతకి తీసుకెళ్ళి, సాయంత్రం దాకా అక్కడే కూర్చోబెట్టారు. అందుకని వేసవిలో మా గురువుగారికి శిష్యులు తక్కువ, సందేహాలు ఇంకా తక్కువ. నాకు ఏ కాలంలోనూ సందేహాలు రావు. పాఠం అయ్యాక వాళ్ళింట్లో పెట్టే అటుకుల ఉప్మా ఒక్కటే వేదాంతంలో నాకు పూర్తిగా బోధపడిన భాగం.

చిదంబరం అలాంటివాడు కాదు. కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఏ విషయమైనా చివరి మెట్టు దాకా దిగి చూడందే నిద్రపోడు. ఒక సాయంత్రం అతను చేతులు కట్టుకుని అడిగాడు: "గురువుగారూ, కళ్ళు మూసుకుని నేను తలుచుకునే దేవుడు నిజంగా ఉన్నవాడేనా, లేక నా ఊహకి సరిపోయేటట్టు నేను తయారుచేసుకున్నవాడా? రెండోదే అయితే ఇన్నాళ్ళ నా ధ్యానం ఎవరికి చేరినట్టు?"

నేను నా చెప్పులెక్కడున్నాయో చూసుకున్నాను. గురువుగారు మాత్రం, "ఆదివారం వకుళని చూడ్డానికి వెళ్తున్నాను, మీరూ రండి" అని ఊరుకున్నారు.

వకుళ గురువుగారి అక్కగారి కోడలు. క్షయ జబ్బుతో ఏడాదిన్నరగా కొండ కింద ఆసుపత్రిలో ఉంటోంది. వచ్చేటప్పుడు నాలుగేళ్ళ కూతురు నీలవేణిని అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. చిన్నపిల్లల్ని ఆ ఆసుపత్రి గేటు దాటనివ్వరు కాబట్టి అప్పట్నుంచీ తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. ఇప్పుడు జబ్బు నయమైంది. వచ్చే నెలలో ఇంటికి పంపిస్తామని డాక్టరు చెప్పాడు. మేం వెళ్ళేసరికి ఆవిడ వరండాలో చేతి మిషను ముందు కూర్చుని ఉంది. ఒళ్ళో పసుపు పువ్వుల చీటీ గుడ్డ, పక్కన గౌను ఆకారంలో కత్తిరించిన ఖాకీ కాగితాలు ఒక బొత్తి.

ఆ బొత్తి కథ ఆవిడే చెప్పింది. పాప ఎంతైంది అని అడిగితే భర్త వాసుదేవం అరచెయ్యి గాలిలో పెట్టి "ఇదుగో, ఇంత" అంటాడట. మాటల్లో పంట సంగతి వస్తే ఆ చెయ్యి జానెడు పైకి లేస్తుంది, తెగులు సంగతి వస్తే జానెడు కిందికి దిగుతుంది. చెయ్యి కదిలినప్పుడల్లా ఈవిడ ఒక కాగితం కత్తిరించింది. అసలు కొలతలు తెమ్మంటే అత్తగారు పడనివ్వదు. ఎదిగే పిల్లకి టేపు పెడితే అక్కడితో ఆగిపోతుందని ఆవిడ పట్టుదల. వాసుదేవం ఒకసారి దొంగతనంగా, పిల్ల నిద్రపోతుండగా దారంతో కొలిచాడు. పిల్ల ముడుచుకు పడుకుంది. ఆ దారం ప్రకారం కుట్టి ఉంటే గౌను దిండుకి సరిపోయేది. పోనీ ఒంటిమీది బట్ట ఒకటి తెద్దామంటే, అన్నీ మేనత్త పిల్లలు విడిచిన వదులు బట్టలేనాయె.

"నేను బండి దిగేసరికి దాని ఒంటిమీద నేను కుట్టిన గౌను ఉండాలి మావయ్యగారూ," అంది వకుళ. "అది నన్ను మర్చిపోయి ఉంటుంది. దగ్గరికి రాకపోయినా ఫరవాలేదు, నా చేతి గుడ్డయినా దాన్ని పట్టుకుని ఉంటుంది కదా."

అత్తయ్యగారితో మీరొక మాట చెప్పండని బతిమాలింది. మా అక్క నా మాట విన్నది పుట్టాక ఒక్కసారి కూడా లేదని చెప్పి గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

ఆ అక్కగారు శేషమాంబగారి ఊరు బస్సులో అరగంట. సంగతి చెప్పగానే ఆవిడ కుదరదంది. కొలిస్తే ఎదుగుదల ఆగుతుందని ఏ శాస్త్రంలోనూ లేదని చిదంబరం నచ్చజెప్పబోయాడు. పెద్దావిడ అతన్ని తలనుంచి పాదాల దాకా చూసింది. చూడ్డానికి ఎక్కువసేపు పట్టలేదు, మావాడు పొట్టివాడు.

"నిన్నెవరో చిన్నప్పుడు కొలిచినట్టున్నారే నాయనా," అంది.

ఆవిడ గొంతు తగ్గించి తమ్ముడితో చెప్పింది, పిల్ల తన దగ్గర తల్లి పెట్టి వెళ్ళిన అప్పగింత అనీ, దానికి వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ తల్లికి తను ఏమని జవాబు చెప్పాలనీ. గురువుగారు వాదించలేదు. కొలవద్దన్నావు గాని దగ్గరికి తీసుకోవద్దనలేదు కదా అని మాత్రం అడిగారు. దానికి ఆవిడ ఒప్పుకోక తప్పలేదు.

నీలవేణి దొడ్లోంచి వచ్చింది. భుజాలు జారిపోతున్న పాత గౌను, నోట్లో కదులుతున్న ముందు పన్ను. గురువుగారు నిలబడి పక్కకి చేర్చుకుంటే తల ఆయన పంచె ముడి దాకా వచ్చింది. తరవాత ఆయన గొంతుక్కూర్చుని, పిల్ల చంకల కిందుగా రెండు చేతులూ చుట్టి గుండెకి హత్తుకున్నారు. పిల్లకి చక్కిలిగింత పుట్టి, కిందికి వంగి చేతుల్లోంచి జారిపోయింది. చేతులు మాత్రం అలాగే ఉండిపోయాయి. కుడిచేతి వేళ్ళు ఎడమ మోచేతిని పట్టుకుని ఉన్నాయి, మధ్యలో పిల్ల లేదు. ఆయన అలాగే లేచి బస్సు దగ్గరికి నడిచారు.

బస్సులో ఆయన కడ్డీ పట్టుకోలేరు గనక నేను ఆయన నడుం పట్టుకున్నాను. నన్నెవరూ పట్టుకోలేదు గనక ఇద్దరం కలిసి ఒక కోళ్ళగంప మీద పడబోయాం. చేతులు దింపండి, వేళ్ళు మోచేతికి తగిలాయని గుర్తుపెట్టుకుంటే చాలదా అని చిదంబరం విసుక్కున్నాడు. "దింపితే నా ఊహ మొదలవుతుందయ్యా," అన్నారు గురువుగారు. ఒక ముసలమ్మ జాలిపడి సీటిచ్చి, పాపం, ఎన్నాళ్ళనుంచి ఇలా పట్టేశాయి అని అడిగింది. ఇప్పుడేనమ్మా, మనవరాలి వల్ల వచ్చింది అన్నారాయన. ఆవిడ దిగేదాకా మనవరాళ్ళ గురించి తన అనుభవాలు చెప్పింది.

ఆసుపత్రిలో నర్సు ఎస్తేరమ్మ టేపు తెచ్చి, గురువుగారి చేతుల మధ్య ఉన్న ఖాళీని జాగ్రత్తగా కొలిచింది. ఎత్తెంత అంటే ఆయన గడ్డంతో తన పంచె ముడి చూపించారు. వకుళ ఆ కొలతకి తన కాగితాలు ఒక్కొక్కటే పెట్టి చూసింది. అన్నిటికన్నా పెద్దది కూడా బెత్తెడు చిన్నదే.

సంతోషిస్తుందనుకున్నాను. నాకు ఆడవాళ్ళ సంగతి వేదాంతం తెలిసినంతే తెలుసు. ఆవిడ మొహం నల్లబడిపోయింది. బస్సు కుదుపులకి చేతులు వదులై ఉంటాయంది. రెండు వేళ్ళ వెడల్పు తగ్గించి కత్తిరిస్తానంది. కాదు, మూడు వేళ్ళు తగ్గించాలంది. పెద్దదైతే మంచిదే కదా, వచ్చే ఏడాదికీ పనికొస్తుంది అని ఎస్తేరమ్మ సర్దబోయింది.

"మా పాప ఇంత ఉండదండీ," అంది వకుళ. "నేను ఎత్తుకుంటే నా భుజం మీద సరిపోయేది. నాకు తెలియదా?"

గురువుగారు చేతులు దింపలేదు. అంతసేపటినుంచీ అలాగే ఉండడం వల్ల అవి సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకు చూసి కాబోలు, వకుళ బల్ల మీదనుంచి లేచింది. దగ్గరికి వచ్చి, ఆయన చేతుల పక్కనే తన చేతులు పెట్టి, ఆ గుండ్రాన్ని అలాగే చుట్టుకుంది. అప్పుడాయన నెమ్మదిగా తన చేతులు తీసేసుకున్నారు. ఆ ఖాళీ ఆవిడ చేతుల్లో మిగిలింది. దాన్ని గుండెకి ఆనించుకుని చాలాసేపు నిలబడింది. పళ్ళు ఊడుతున్నాయా అని అడిగింది. ముందుది కదులుతోందన్నారు గురువుగారు. జడ వేస్తున్నారా? వేస్తున్నారు, చిన్నది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు కదా.

తరవాత కొత్త కాగితం పరిచి ఆ కొలతకే గీసుకుంది. గుడ్డ మీద పెట్టి చూస్తే గుడ్డ చాలలేదు. అది తన తలపులో ఉన్న పిల్లకి కొనిపించుకున్న గుడ్డ మరి. ఒంటికి సరిపోయి, కిందికి వచ్చేసరికి జానెడు తగ్గింది. ఎస్తేరమ్మ తన పాత తెల్లచీర చించి ఆ జానెడూ ఇచ్చింది. పసుపు పువ్వుల గౌనుకి అడుగున తెల్ల కుచ్చు. అదేమంత బాగుందని మాకెవరికీ అనిపించలేదు. వకుళకి అసలే అనిపించలేదు.

చిదంబరం తిరుగుదారంతా తన ప్రశ్న గుర్తుచేస్తూనే ఉన్నాడు. గురువుగారు వకుళ ఇంటికి వచ్చే రోజున మళ్ళీ చెప్పులు వేసుకున్నారు.

బండి ఆగేసరికి నీలవేణి నాయనమ్మ కొంగు వెనకాల ఉంది. వకుళ ముందే పంపిన గౌను ఒంటికి అతికినట్టుంది. వకుళ దిగి, గుమ్మానికి ఇవతలే ఆగిపోయింది. రమ్మని చెయ్యి చాచలేదు. శేషమాంబగారు, అదుగోనే మీ అమ్మ, వెళ్ళు అంటే పిల్ల కదల్లేదు. వచ్చినావిడని చూడనైనా లేదు. తన గౌను కుచ్చునే చూసుకుంటూ చాలాసేపు నిలబడింది. చివరికి ఆ తెల్లగుడ్డ రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, కొంగు చాటునుంచే అడిగింది.

"ఇక్కడ ఇది ఎందుకేశావు?"

"నువ్వింత పెద్దదానివయ్యావని నాకు తెలీలేదమ్మా," అంది వకుళ.

పిల్ల ఆలోచించింది. కొంగు వదిలి, మెట్టు దిగి, తల్లి ముందుకి వచ్చి నిటారుగా నిలబడింది. తల్లి చెయ్యి తీసుకుని తన నెత్తిమీద పెట్టుకుంది.

"ఇంత," అంది.

శేషమాంబగారు అది కొలతే అవుతుందని తెలిసి కూడా, పాలు పొంగుతున్నాయంటూ లోపలికి వెళ్ళిపోయింది. లోపల పొయ్యి వెలిగించి లేదు.

తిరిగి వచ్చేటప్పుడు, ఊరు దాటాక చిదంబరం ఆగి, మరి నా ప్రశ్నకి, నా ఊహలోని దేవుడికి, అని మొదలుపెట్టాడు.

గురువుగారు నడక ఆపకుండానే అన్నారు: "వకుళ ఊహ ప్రకారం తెప్పించిన గుడ్డే సరిపోయి ఉంటే, ఆ పిల్ల ఏమని పలకరించేదయ్యా?"