పారమ్మ గీత

ఊకొట్టేవాళ్లుంటే కథ, లేకుంటే ఉత్త గాలి. ఊకొట్టండి మరి.

రాజులు కొండల్ని కూడా తమవే అనుకునే రోజుల్లో అంకుడు చెట్లు నిండిన ఒక కొండ, ఆ కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో పారమ్మ అని ఒక ముసలిది. మొగుడు లేడు, బిడ్డలు లేరు, నోరు మాత్రం ఉంది. కర్రను చట్రానికి బిగించి, తాడుతో గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి కలాలు చేసేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా ఆమె చేసిన కలం పట్టని రాయసగాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఒకరోజు దివాణం నుంచి రాయసం పేర్రాజు వచ్చాడు.

"మహారాజుగారికి ఏ రాజు దగ్గరా లేని కలం కావాలి. దాంతో మొదట చేవ్రాలు పెట్టేది ఈ కొండ మూసేసే ఆజ్ఞకే. ఇకమీదట కొండ ఆయన వేటకే. పుల్ల విరిస్తే చెయ్యి విరుస్తారు" అన్నాడు, పెళ్లికబురు చెప్పినట్టు.

ఊరు గొల్లుమంది. బొమ్మలు చేసేవాళ్లకైనా, గరిటెలు చేసేవాళ్లకైనా ఆ కొండ కర్రే కూడు. అర్జీ రాయించుకుని దివాణానికి పరిగెత్తారు. రాజు చదవకుండానే కొట్టేశాడు. మళ్లీ వెళ్లారు, మళ్లీ మళ్లీ వెళ్లారు. "ఒకసారి కొట్టేసిన మాట ఈ దివాణంలో మళ్లీ ఎత్తకూడదు. మా తాతగారి కట్టడి" అని మూడుసార్లూ గెంటించాడు.

"ఆ కలం నువ్వు సెయ్యకే పారమ్మా" అన్నారు ఊళ్లోవాళ్లు.

"నాను మానితే ఇంకోడు సేత్తాడు. నానే సేత్తాను."

ఆమె గడప ముందు ఉమ్మేసి వెళ్లిపోయారు. పొయ్యిలోకి నిప్పు కూడా ఎవరూ ఇవ్వలేదు. పారమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కర్ర తిప్పింది.

పేర్రాజు మొదటిసారి చూడ్డానికి వచ్చేసరికి ఆమె వేడి లక్కతో కర్రలో చింతగింజ పెంకులు పొదుగుతోంది.

"ఏనుగు దంతం ఏదే?"

"దంతం అందరు రాజుల కాడా ఉంటాది గదా బావూ."

రెండోసారి వచ్చేసరికి చేపముళ్లు పొదుగుతోంది.

"వెండి ఏదే?"

"ఎండి కూడా ఉంటాది గదా బావూ."

మూడోసారి వచ్చేసరికి పెంటకుప్పలో ఏరుకొచ్చిన గాజుపెంకులు పొదుగుతోంది. పేర్రాజు ఇక ఏమీ అడగలేదు. కలం అంత బాగుంది మరి. చింతగింజల నలుపు, ముళ్ల తెలుపు, గాజుల పచ్చా ఎరుపూ. చూసినవాడు చెయ్యి చాపకుండా ఉండలేడు.

సభ నిండా జనం. పక్క రాజ్యాల దూతలూ ఉన్నారు. రాజు కూడా చెయ్యి చాపాడు. పారమ్మ ఇవ్వలేదు.

"మా పనిలో ఒక ఆచారముంది మారాజా. కలం సేసినోల్లే మొదటి గీత గియ్యాల. ఏ కాయితం మీద రాత్తారో దాని మీదే గియ్యాల. నేకపోతే ఆ రాత నిలబడదు."

అందులో మొదటి మాట నిజమే. రెండో మాట అప్పటికప్పుడు పుట్టిందని, ఈ కథ చెప్పేటప్పుడు మా అమ్మమ్మ నవ్వేది. రాజుకు శత్రువులంటే భయం లేదు గానీ శకునాలంటే మహా భయం.

"సరే, ఆ మూల చిన్నగా గీయనీ" అన్నాడు.

ఆజ్ఞ రాసిన కాగితం పేర్రాజు ఆమె ముందు పరిచాడు. రాజు చేవ్రాలు ఒక్కటే తక్కువ. పారమ్మ కలాన్ని సిరాలో ముంచి, ఈ మూల నుంచి ఆ మూలదాకా బర్రున గీత గీసింది.

ఆజ్ఞ కొట్టేసినట్టయింది.

"ఇంకో కాగితం తెండి" అన్నాడు రాజు.

"కొట్టేసిన మాట మల్లీ ఎత్తకూడదంట గదా. మూడుసార్లు మాకు సెప్పినారు. మీ తాతగారి కట్టడంట."

దూతలు రాజు మొహంకేసి చూస్తున్నారు. తాత మాట తుడిచేస్తే తన మాటకు విలువేముంటుంది?

"ఆ చెయ్యి తీయిస్తాను" అన్నాడు చివరికి.

"తీయించండి. గీత అయిపోనాది."

కొండా మూయలేదు, చెయ్యీ తీయించలేదు. కోట కింద చీకటి కొట్లో పడేశారు. ఏడాది తిరక్కుండానే ఆమె అక్కడే పోయింది. ఆమె గడప ముందు ఉమ్మిన వాళ్లే వెళ్లి శవాన్ని అడిగి తెచ్చుకున్నారు. సిగ్గుతో ఏడుస్తూ, భుజాలు మార్చుకుంటూ, అంకుడు చెట్ల మధ్యకు మోసుకెళ్లి మట్టి చేశారు.

ఇప్పటికీ ఆ ఊళ్లో కొత్త కలం కొంటే ముందు పేరు రాయరు. ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీస్తారు. ఎంత పెద్ద అధికారి అయినా సరే, ఊరి మంచి కోసమే అంటూ కాగితం తెచ్చి చేవ్రాలు అడిగితే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు. కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తారు. తర్వాత నెమ్మదిగా అడుగుతారు:

"పారమ్మ గీతకి సోటు ఇడిసినారా బావూ?"